ముహర్రక్ నడిబొడ్డు పునరుద్ధరణము: వాదములు, ఫలితములు, తేలని ప్రశ్నలు

ఒక నగరము తన రాజధానీ హోదాను, తన ప్రధాన వృత్తిని, తన సంపన్న కుటుంబములను రెండు మూడు తరములలోనే పోగొట్టుకొని, ఎనిమిది దశాబ్దములు గడచిన పిదప ప్రపంచ వారసత్వ పట్టికలో చోటును, వాస్తుశిల్ప రంగమున అంతర్జాతీయ పురస్కారమును సంపాదించుకొనినచో, దానిని విజయగాథగా వర్ణింపవచ్చునా, లేక పేరు గొప్ప ఊరు దిబ్బ అను సామెతకు మరియొక ఉదాహరణముగా ఎంచవలయునా అను సందేహము సహజముగనే కలుగును. బహ్రెయిన్ రాజ్యమున, మనామా నగరమునకు ఈశాన్యముగా చిన్న ద్వీపముపై వెలసిన ముహర్రక్ నగరమును గూర్చి గడచిన ఇరువది సంవత్సరములుగా జరుగుచున్న చర్చ ఈ సందేహము చుట్టునే తిరుగుచున్నది.

ఈ చర్చ ఇంతగా చిక్కుపడుటకు కారణమొకటి కలదు. అందు పాల్గొనువారు ఒకే ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నట్లు కనబడుదురు గాని, వాస్తవమునకు నాలుగు వేర్వేరు ప్రశ్నలకు సమాధానములు చెప్పుచున్నారు. శిథిలమగుచున్న కట్టడములను నిలుపుట ఎట్లు? మరుగునపడిన సంస్కృతికి నిలువనీడ కల్పించుట ఎట్లు? ఊరు విడిచిన కుటుంబములను మరల రప్పించుట ఎట్లు? వెలవెలబోయిన అంగడివీథికి బేరము కలిగించుట ఎట్లు? వీనిలో ఒకదానికి దొరకిన సమాధానము తక్కిన మూటికిని సరిపోవునని తలచుటయే పెక్కు అపార్థములకు మూలము. కావున ముందుగా చరిత్రను, పిదప వాదములను, చివర తేలక మిగిలిన అంశములను వరుసగా పరిశీలించుట యుక్తము.

వైభవము, క్షయము

1783లో అల్ ఖలీఫా వంశీయులు బహ్రెయిన్‌ను స్వాధీనపరచుకొనిన పిమ్మట, పందొమ్మిదవ శతాబ్ది తొలిపాదమునాటికి ముహర్రక్ పాలకులకును, వారిని అనుసరించి వచ్చిన తెగలకును నివాసస్థానమాయెను. తెగకొకటిగా, వృత్తికొకటిగా ‘ఫరీజ్’ అను పేటలు ఏర్పడినవి. పేటకొక మసీదు, పెద్దింటికొక ‘మజ్లిస్’ అను కొలువుకూటము, ఇండ్ల నడుమ ఎండ సోకని ఇరుకు సందులు, ఆ సందులన్నియు తుదకు కలియునది సముద్రతీరము: ఇది ఆ నగరము యొక్క స్థూలరూపము. 1908లో వెలువడిన లోరిమర్ గెజిటీరు ముహర్రక్ పట్టణ జనసంఖ్యను సుమారు 20,000గను, మనామా జనసంఖ్యను సుమారు 25,000గను అంచనా వేసినది. బహ్రెయిన్ దీవుల నుండి ముత్యముల వేటకు పోవు పడవలు 917 అనియు, వానిపై పనిచేయువారు 17,600 మందికి పైచిలుకు అనియు అందు లెక్క కలదు. ఇంచుమించు లక్షమంది నివసించు దేశమున ఇది ఎంత పెద్ద సంఖ్యయో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ వృత్తి నడచిన తీరు తెలియనిదే ఆ నగరనిర్మాణము బోధపడదు. వేసవి నాలుగు మాసములు సాగు వేటకు ‘నాఖుదా’ అను పడవ యజమాని నాయకుడు. ముక్కునకు కొమ్ముతో చేసిన పట్టుకర్ర తగిలించుకొని, కాలికి రాయి కట్టుకొని మునుగువాడు ‘ఘైస్’. పైనుండి త్రాడు లాగి అతనిని బ్రదికించువాడు ‘సైబ్’. తెచ్చిన సరకును కొని బొంబాయికి పంపువాడు ‘తవ్వాష్’ అను ముత్యముల వర్తకుడు. ఋతువునకు ముందు తీసికొనిన బయానా అప్పుగా మారి తండ్రినుండి కుమారునకు సంక్రమించు ఆ వ్యవస్థలో ఈతగాని గుడిసెయు, వర్తకుని మేడయు ఒకే పేటలో, ఒకే ఋణబంధమున ఉండెడివి. 1912లో పారిస్ నగరపు జాక్ కార్టియే స్వయముగా వచ్చి ఇచ్చటి వర్తకులతో బేరమాడెను. మన హైదరాబాదున బసరా ముత్యములని పేరొందినవియు బహ్రెయిన్‌ను చుట్టియున్న సింధుశాఖ గర్భమునుండి బొంబాయి మార్గమున వచ్చినవే. ఈ విధముగా చార్మినారు చెంతనున్న పత్తర్‌గట్టి దుకాణములకును, ముహర్రక్ సందులకును ఏనాడో బాంధవ్యము ఏర్పడినది.

క్షయమునకు ఒక్కటి కాదు, పెక్కు కారణములు కూడివచ్చినవి. 1923లో షేక్ ఈసా బిన్ అలీ బ్రిటిషువారి ఒత్తిడికి లోనై పాలనాభారమును కుమారునకు అప్పగించుటతో అధికారకేంద్రము మనామాకు తరలినది. జపానులో మికిమోటో కృషి ఫలించి పెంపకపు ముత్యములు 1920ల దశకమున విపణిని ముంచివైచినవి. 1929 నాటి ఆర్థికమాంద్యము మిగిలిన గిరాకిని హరించినది. 1932లో జబల్ దుఖాన్ చెంత చమురు బయల్పడగా, ఋణగ్రస్తుడైన ఈతగానికి నెలజీతము తొలిసారిగా అందుబాటులోనికి వచ్చినది. సముద్రమున మునుగుటకు మరల ఎవడును తొందరపడలేదు. 1940ల ఆరంభమున ముహర్రక్, మనామాల నడుమ వంతెనమార్గము పూర్తియగుటతో, మునుపు పడవపై మాత్రమే దాటవలసిన నీటిపాయ కొన్ని నిమిషముల ప్రయాణమాయెను. దానివలన ముహర్రక్‌కు రాకపోకలు పెరిగినమాట నిజమే గాని, పోకలే ఎక్కువయ్యెను.

విశేషమేమన, ఈ క్షయకాలమే విద్యావికాసకాలము కూడ. 1919లో స్థాపితమైన అల్ హిదాయా అల్ ఖలీఫియా పాఠశాల బాలుర ఆధునిక విద్యకును, 1928లో ఏర్పడిన పాఠశాల బాలికల విద్యకును ఈ దేశమున నాందీస్థానములు, రెండును ముహర్రక్‌లోనివే. చదువుకొనిన తొలితరమే ఉద్యోగరీత్యా ఊరు దాటుట ఇచ్చటను జరిగినది, మన కృష్ణా గోదావరి మండలముల పట్టణములలోను జరిగినది.

ఖాళీయైన ఇండ్లు, క్రొత్త కాపురస్థులు

1968లో ఈసా నగరము, 1980ల దశకమున హమద్ నగరము ప్రభుత్వ గృహనిర్మాణమునకు ప్రతీకలుగా వెలసినవి. ఉమ్మడి కుటుంబములు విడిపోవుట, ప్రతి ఇంటికి కారు వచ్చుట, ఏ.సీ. యంత్రము నడవవలెనన్నచో మూసిన గదులు కావలసివచ్చుట అను మూడు మార్పులు ఏకకాలమున సంభవించుటతో, నడుమ పెరడు, చుట్టు గదులు గల పాత ఇల్లు సౌకర్యహీనమని తోచినది. స్థితిమంతులు ముందుగ వెడలిరి; మధ్యతరగతి వారిని అనుసరించెను. విడిచిన ఇంటిని అమ్ముట తేలిక కాదు. మూడు తరములు గడచునప్పటికి వారసత్వ విభజనవలన ఒక్కొక్క ఇంటికి పదులకొలది పాలివారు ఏర్పడి, మరమ్మతునకు ఒకరు ఒప్పుకొనిన వేరొకరు ఒప్పుకొనని స్థితి వచ్చును. అట్టి ఇంటికి సులభమైన మార్గము అద్దె. అద్దెకు వచ్చువారు విదేశీ కార్మికులు.

మరియొక ప్రక్క సముద్రమే వెనుకకు పోయినది. సముద్రమును పూడ్చి నేల చేయుట బహ్రెయిన్‌లో ఎంత విస్తృతముగ జరిగినదన, అరువదియేండ్లక్రితము 670 చదరపు కిలోమీటర్లకు లోబడియున్న దేశ విస్తీర్ణము నేడు సుమారు 780కి పెరిగినది. అమ్వాజ్ దీవులు, దియార్ అల్ ముహర్రక్ అను క్రొత్త బస్తీలు ఈ ద్వీపమునకు చేరువనే కడలిపై లేచినవి. తత్ఫలితముగ, సముద్రము గుమ్మమునకు రాగా పడవ దిగి ఇంట చేరిన నాఖుదా గృహము నేడు భూమధ్యమున ఉన్నది. పాతకాలపు ఒడ్డు మిగిలినది దక్షిణాగ్రమున బూ మాహిర్ కోట చెంతనే.

పాత ఇంటి నిర్మాణము

ఇచ్చటి పునరుద్ధరణ చర్చలో సగము ఆ ఇంటి గోడలోనే ఇమిడియున్నది. సముద్రగర్భమునుండి పెకలించిన పగడపురాయి ముక్కలను జిప్సము గచ్చుతో పేర్చి స్తంభములు లేపి, స్తంభముల నడుమ అదే రాతి పలుచని పలకలను అమర్చుట పద్ధతి. పైకప్పునకు తూర్పు ఆఫ్రికా తీరమునుండి ఓడలపై వచ్చిన మడచెట్టు వాసములు. వానిపై ఈతమట్టల తడికలు, చాప, ఆపై మట్టి. వాసము పొడవు ఎంతయో గది వెడల్పు అంత. అందువలననే పెద్ద వర్తకుని మేడలో సైతము గదులు మూడు మీటర్లకు అటు ఇటుగా, పొడవుగా, ఇరుకుగా ఉండును. మీద గాలిగోపురము, నాలుగు దిక్కుల గాలిని పట్టి క్రిందికి దించు ఆ నిర్మాణమునకు షేక్ ఈసా బిన్ అలీ భవనము చక్కని ఉదాహరణము.

ఈ గోడ ఉప్పుతో పుట్టినది, ఉప్పుతోనే చచ్చును. నేలలోని తేమ పైకి ప్రాకి, రాతిలోని లవణమును కరగించి, ఎండకు ఆరి, గచ్చు మీద తెల్లని పొడిగా రాలుట సహజక్రమము. జిప్సము పూత ఏడాదికొకమారు రాలినను మరల పూయవచ్చును. 1960ల తరువాత బలము కొరకని పూసిన సిమెంటు ఆ తేమను లోపలనే బంధించుటచేత, పైకి గట్టిగ కనబడు గోడ లోపల పిండియైనది. మేలు చేయబోయి కీడు చేసిన ఈ మరమ్మతు, పునరుద్ధరణకు మంచి సంకల్పము చాలదనియు, వస్తుజ్ఞానము, నిరంతర పోషణము కావలయుననియు బోధించుచున్నది. నిరంతర పోషణము చేయువాడు ఆ ఇంట కాపురముండువాడే అను సంగతి ఇచ్చట గుర్తుంచుకొనదగినది.

పునరుద్ధరణ ఘట్టములు

2002లో షేఖా మై బింత్ మొహమ్మద్ అల్ ఖలీఫా స్థాపించిన షేక్ ఇబ్రాహీం సంస్కృతి, పరిశోధన కేంద్రముతో ప్రస్తుత అధ్యాయము ఆరంభమైనది. ఒక్కొక్క పాత ఇంటిని తీసికొని, బాగుచేసి, ఒక్కొక్క ప్రయోజనమునకు అంకితము చేయుట ఆ కేంద్రపు విధానము. దేశమున తొలి వార్తాపత్రికను 1939లో నెలకొల్పిన అబ్దుల్లా అల్ జాయెద్ ఇల్లు పత్రికాచరిత్రకు, మొహమ్మద్ బిన్ ఫారిస్ ఇల్లు ‘సౌత్’ అను గానసంప్రదాయమునకు, కురార్ ఇల్లు జరీ అల్లికకు, బిన్ మతర్ ఇల్లు ముత్యముల వర్తకస్మృతికి నిలయములైనవి.

రెండవ ఘట్టము 2012లో. ‘ముత్యముల వేట: ఒక ద్వీప ఆర్థికవ్యవస్థకు సాక్ష్యము’ అను భావము గల పేరిట యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికలో చేరిన ఈ స్థలములో సముద్రగర్భమున మూడు ఆల్చిప్పల తిన్నెలు, కొంత సముద్రతీరము, బూ మాహిర్ కోట, నగరములోని 17 భవనములు కలవు. ఒక రాజభవనమునో, ఒక ఆలయమునో గాక ఒక వృత్తి యొక్క సమగ్రగమనమును, నీటియడుగు ఆల్చిప్ప మొదలు వర్తకుని కొలువుకూటము వరకు, వారసత్వముగ గుర్తించుట ఇందలి నవ్యత. వీనిని కలుపుచు సుమారు మూడున్నర కిలోమీటర్ల కాలిబాట ఏర్పడినది. ఆల్చిప్పల పెంకులు కలిపిన కాంక్రీటుతో పోసిన దీపస్తంభములు, వానిపై తెల్లని గోళాకార దీపములు బాటసారికి దారి చూపును. కూలిన ఇండ్ల ఖాళీజాగాలు చిన్నచిన్న చెట్లనీడల కూడళ్ళుగా మారినవి.

మూడవ ఘట్టమున క్రొత్త నిర్మాణములు వచ్చినవి. స్విట్జర్లండుకు చెందిన వలేరియో ఓల్జియాతి రచించిన సందర్శకమండపము ఒక పాత వర్తకస్థావరపు శిథిలముల మీద మహాకాయమైన కాంక్రీటు కప్పుగా నిలిచినది. క్రిస్టియన్ కెరెజ్ రచించిన, కారులు నిలుపు నాలుగు కట్టడములు, బెల్జియం వాస్తుశిల్పులు ముత్యపు ఈతగాండ్ర ‘ఫిజిరీ’ గానము కొరకు కట్టిన దార్ అల్ జినా, దార్ అల్ రిఫా అను ప్రదర్శనశాలలు ఈ వరుసలోనివే. 2018లో ముహర్రక్ ఇస్లామిక సంస్కృతీ రాజధానిగా గుర్తింపబడెను. 2019లో ‘ముహర్రక్ పునరుజ్జీవనము’ ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారములలో ఒకటి అందుకొనెను. నగర జనసంఖ్య కూర్పును సరిదిద్ది స్థానిక కుటుంబములను మరల రప్పించుట ఈ పథకపు లక్ష్యములలో ఒకటియని ఆ పురస్కార సందర్భముననే ప్రకటితమైనది. ఆ ప్రకటనమే తరువాతి చర్చకు కొలబద్దయైనది.

నాలుగు వాదములు

*కట్టడవాదము.* ఇది అన్నిటికంటె పాతది. కట్టడము ఒకమారు కూలినచో మరల రాదు. ఉపయోగమును గూర్చి తరువాత ఆలోచింపవచ్చును. ముందు గోడను నిలుపవలయునని దీని సారాంశము. పగడపురాయి, మడవాసములు, జిప్సము గచ్చు వంటి మూలద్రవ్యములతోనే పని జరుగవలయునని వీరి పట్టుదల. ఓల్జియాతి మండపపు పరిమాణము చుట్టునున్న ఇండ్ల పరిమాణమును మ్రింగివైచుచున్నదని వీరిలో కొందరి ఆక్షేపణ. ఈ వాదపు బలము దాని నిష్కర్షలో ఉన్నది. బలహీనత, రక్షించిన ఇంటిని తాళము వేసి ఉంచినను తృప్తిపడునంతటి ఉదాసీనతలో ఉన్నది.

*సంస్కృతివాదము.* షేక్ ఇబ్రాహీం కేంద్రపు ఆచరణయే దీనికి భాష్యము. ఇంటిని రక్షించుట చాలదు, దానికొక పని ఇవ్వవలయును. గానము, కవిత్వము, అల్లిక, పత్రికాచరిత్ర ఆ ఇండ్లలో నివసించినచో, చూడవచ్చినవారు ఊరిపై మక్కువ పెంచుకొందురు, ఊరివారికి తమ ఊరిపై గౌరవము పెరుగును, గౌరవము వెంట పెట్టుబడి వచ్చునని వీరి తర్కము. పాతదానిని అనుకరించు క్రొత్తదానికంటె, తన కాలమును దాచుకొనని క్రొత్తదే నిజాయితీ గలదని సమకాలీన వాస్తుశిల్పులను పిలుచుటకు వీరు చెప్పు సమర్థన. ప్రత్యర్థుల ప్రశ్న ఒక్కటే: సాయంకాలము ద్వారములు మూసిన పిదప ఆ సందున దీపము వెలుగు ఇండ్లు ఎన్ని?

*కాపురవాదము.* పురపాలక చర్చలలోను, పార్లమెంటు సభ్యుల ప్రసంగములలోను వినవచ్చు వాదమిది. నగరమనగా కుటుంబములే; వాని పునరాగమనము లేనిదే తక్కినదంతయు అలంకారమని వీరి మతము. గృహవసతి కొరకు ప్రభుత్వపు జాబితాలో వేచియున్నవారికి కడలిపూడ్చిన నేలమీద ఇల్లు ఇచ్చుటకు బదులు పాతపేటలోని ఇంటిని బాగుచేసి ఇచ్చుట చౌకయా, కాదా అను లెక్క వేయవలయునని వీరి కోర్కె. కారు నిలుపు చోటు, మురుగుకాలువ, నిప్పంటుకొనినచో అగ్నిమాపక వాహనము రాగల దారి, బడి, బాలుర ఆటస్థలము లేనిచోట నేటి కుటుంబము కాపురముండదని వీరు చెప్పుమాట తోసిపుచ్చరానిది. కాని ఈ సౌకర్యములన్నియు కల్పించుటకు సందులను వెడల్పు చేసినచో, ఆ సందులకొరకు వచ్చిన కీర్తియే పోవును.

*వాణిజ్యవాదము.* నగరములోని ఖైసరియా అను పాత అంగడి పునర్నిర్మాణము దీనికి కేంద్రము. ముహర్రక్ హల్వా దేశమంతట ప్రసిద్ధము. కుంకుమపువ్వు, యాలకులు, బాదము వేసి రాగి డేగిసాలలో గంటలతరబడి కలుపు ఆ మిఠాయి కొరకు పండుగలకు మనామానుండియు, సౌదీ అరేబియానుండి 1986లో తెరచిన ఫహద్ రాజసేతువు మీదుగను జనము వచ్చుచుందురు. బేరమున్నచోట గోడ తానే నిలుచును, అద్దె వచ్చుచోట యజమాని తానే మరమ్మతు చేయునని ఈ వాదము. మాల్‌లతో పోటీ పడగల చల్లని నీడ, శుభ్రమైన బాట, కారులకు చోటు కల్పించుట ప్రభుత్వపు పని. తక్కినది వర్తకుని పని. దీని లోపము దోహాలోని సూఖ్ వాఖిఫ్ చూచినచో తెలియును: బేరము బ్రహ్మాండముగ కుదిరినది గాని, ఆ అంగడి ఊరి అవసరమునకంటె సందర్శకుని విహారమునకే ఎక్కువగ పనికివచ్చుచున్నది.

తారతమ్య సంగ్రహము

ఈ నాలుగు వాదములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో వాని భేదము ఇట్లు తేలును.

కొలత: కట్టడవాదికి నిలిచిన గోడలు, సంస్కృతివాదికి వచ్చిన సందర్శకులు, కాపురవాదికి చేరిన కుటుంబములు, వాణిజ్యవాదికి తెరచిన దుకాణములు.

వ్యయభారము: మొదటి రెండింటికి ప్రభుత్వమో, దాతలో, బ్యాంకులో పోషకులు, మూడవదానికి గృహనిర్మాణశాఖ, నాలుగవదానికి చాలవరకు యజమానులే.

ఫలకాలము: కట్టడమునకు రెండు మూడేండ్లు, అంగడికి ఐదారేండ్లు, కుటుంబముల పునరాగమనమునకు ఒక తరము.

ప్రమాదము: మొదటిదానికి తాళము, రెండవదానికి ప్రదర్శన, మూడవదానికి కూల్చివేత, నాలుగవదానికి అద్దెల పెరుగుదల.

సాధించినదాని విషయమున న్యాయముగ చెప్పవలెనన్నచో, మొదటి రెండు లక్ష్యములలో ముహర్రక్ సింధుశాఖ తీరమున అగ్రగణ్యము. దుబాయి బస్తకియాలో పాత ఇండ్లు నిలిచినవి గాని పేట యొక్క కాపురము పోయినది. దోహా ముషైరిబ్‌లో పాత పేటనే తొలగించి క్రొత్తది కట్టిరి. ముహర్రక్‌లో ఆ రెండును జరుగలేదు. పేట చెక్కుచెదరక నిలిచినది, దాని నడుమ పునరుద్ధరించిన ఇండ్లు చెదరుమదరుగా ఉన్నవి. ప్రక్కయింటిలో వంట వాసన వచ్చుచున్నది. ఆ వంట చేయువారెవరు అను ప్రశ్నయే తరువాతి భాగమునకు దారితీయుచున్నది.

వాదములకు వెలుపల నిలిచినవారు

2020 జనగణన ప్రకారము బహ్రెయిన్ జనసంఖ్య 15,01,635. అందు విదేశీయులు సగమునకు మించిరి. పాత నగరకేంద్రములలో వీరి నివాసము ప్రస్ఫుటము. భారత, బంగ్లాదేశ్, పాకిస్తాన్ దేశములనుండి వచ్చి, కంపెనీ వసతి లేక, ఒక్కొక్క గదిలో పలువురు కూడి ‘బెడ్‌స్పేస్’ లెక్కన అద్దె చెల్లించి ఉండువారు వీరు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు జిల్లాలనుండియు, కోనసీమ, కడప ప్రాంతములనుండియు సింధుశాఖ దేశములకు వలసపోయిన తెలుగువారిలో ఒక భాగము బహ్రెయిన్‌లో ఉన్నది. వారి సాంస్కృతిక జీవనమునకు ఆలంబనముగ తెలుగు కళాసమితియు పనిచేయుచున్నది. తాపీపని, వడ్రంగము, కరెంటుపని, దుకాణములలో కొలువు, ఇంటి పని: ఈ వృత్తులతోనే నేటి నగరము నడచుచున్నది.

పై నాలుగు వాదములలోను వీరికి చోటు లేదు. ఉన్నచో, సమస్యగ మాత్రమే ఉన్నది. కుటుంబములు నివసించు పేటలలో ‘బ్యాచిలర్’ కార్మికుల గదులుండరాదని స్థానికులు తరచుగ కోరుచుందురు. ఆ కోర్కెలో కొంత న్యాయము కలదు. ఒక ఇంట పరిమితికి మించి జనమును క్రిక్కిరిసి నింపుట వలన కరెంటు తీగెలపై భారము పెరిగి అగ్నిప్రమాదములకు దారితీయును, గోడలు తడిసి శిథిలమగును, పసిబిడ్డల తల్లులు సందున నడచుటకు సంకోచింతురు. కాని ఆ క్రిక్కిరిసిన గదిని సృష్టించినది కార్మికుని అభిరుచి కాదు. తక్కువ జీతము, పాలివారి ఇల్లు, బాగుచేయక అద్దె దండుకొను ఏర్పాటు. పైగా ఊరి దుకాణము రాత్రి పదింటివరకు తెరచియుండుటకు, టీకొట్టు, మంగలిదుకాణము, ఇస్త్రీదుకాణము మూతపడకుండుటకు వీరి రోజువారి రూకలే ఆధారము.

చట్టరీత్యా సైతము వీరి స్థానము తాత్కాలికమే. సింధుశాఖ సహకార మండలి దేశస్థులు కాని విదేశీయులకు బహ్రెయిన్‌లో నిర్దేశిత ప్రాంతములలో తప్ప స్థిరాస్తిహక్కు లేదు. పాత ముహర్రక్ ఆ కోవలోనిది కాదు. ‘సీపీఆర్’ అను గుర్తింపు కార్డు చెల్లుబాటు ఉన్నంతకాలమే కాపురము. రెండు వందలేండ్ల చరిత్ర గల మనామా శ్రీనాథ్‌జీ ఆలయమును నిలిపిన సింధు థట్టా భాటియా వర్తకుల వలె తరతరములు పాతుకొనుటకు నేటి కార్మికునకు వీలులేదు. ఇక ఇంటిగోడకు ఏటేట గచ్చు పూయవలయునన్న శ్రద్ధ అతనికేల కలుగును?

ఇతర నగరముల సాక్ష్యము

ఈ విషయమున తెలుగునాటి రెండు పట్టణములు ఉపయుక్తమైన పోలికలను అందించును. మచిలీపట్టణము గోలకొండ రాజ్యపు రేవుగ పదునేడవ శతాబ్దమున వెలిగినది; 1611లో ఆంగ్లేయులు అచ్చట వర్తకస్థావరము నెలకొల్పిరి. 1864 నవంబరు తుపానులో సుమారు 30,000 మంది మరణించినట్లు చరిత్ర చెప్పుచున్నది. మేట వేసిన రేవు, దూరమైన వర్తకము ఆ పట్టణమును మరల తొలినాటి స్థితికి రానీయలేదు. అయినను జిల్లా కేంద్రముగ ఉండుటచేత బందరు బ్రదికినది. కచ్చేరీ, కాలేజీ, కోర్టు ఉన్నచోట ప్లీడరు, గుమాస్తా, హోటలు ఉండక తప్పదు. ముహర్రక్ రేవును, కచ్చేరీని రెండింటిని పోగొట్టుకొనినది. పాలనాకార్యాలయములను పాత నగరమున ఉంచుట కాపురమునకు ఎంతటి ఆలంబనమో ఈ పోలిక తెలుపును. ఈ ఉపాయమును ముహర్రక్ చర్చలో ఎవరును గట్టిగ ప్రతిపాదింపకుండుట ఆశ్చర్యకరము.

రెండవది హైదరాబాదు పాతబస్తీ. దాని అభివృద్ధి కొరకు 1981లో కులీ కుతుబ్ షా పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడినది. చార్మినారు చుట్టు వాహనములను తొలగించి పాదచారి బాట వేయు పథకము దశాబ్దములతరబడి సాగినది. ఆ జాప్యమును అందరు నిందించిరి. కాని పాతబస్తీలో కాపురములు, బేరములు ఎన్నడును ఆగలేదు. లాడ్ బజారు గాజులు పునరుద్ధరణకు ముందును అమ్ముడుపోయినవి, తరువాతను అమ్ముడుపోవుచున్నవి. అచ్చట కొరత కట్టడ పోషణమున. ముహర్రక్‌లో కొరత కాపురమున. ఒక ఊరి మందు మరియొక ఊరికి పనిచేయదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

తేలక మిగిలినవి

మొదటి ప్రశ్న యాజమాన్యము. పాలివారి ఇండ్లను ఒక చేతి క్రిందికి తెచ్చుటకు ప్రభుత్వము కొనవలయునా, దీర్ఘకాలపు కౌలు తీసికొనవలయునా, వక్ఫు పద్ధతిని వినియోగింపవలయునా? 2002 నాటినుండి ఇంటింటికి వేరుగ కుదిరిన ఒప్పందములు ప్రసిద్ధ గృహములకు చాలినవి; వందలకొలది సామాన్య గృహములకు అట్టి ఓపిక, ధనము చాలవు.

రెండవది సంస్థాస్థిరత్వము. ఈ కార్యము మొదటినుండి షేఖా మై అను ఒక్క వ్యక్తి దీక్షకు, ఆమె నడపిన కేంద్రమునకు, 2015లో ఏర్పడిన సంస్కృతి, పురావస్తు సంస్థకు ఎంతో ఋణపడినది. 2022లో ఆ సంస్థ నాయకత్వము మారినది. వ్యక్తి దీక్షతో ఆరంభమైన పని, నియమావళితోను, ఏటేటి పోషణనిధితోను నడచు పనిగ మారునా? దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలయునను పెద్దల మాట ఇచ్చట అక్షరాల వర్తించును.

మూడవది కారు. నాలుగు పెద్ద వాహననిలయములు కట్టుట సందులను కారుల బెడదనుండి విడిపించునని కొందరు, మరిన్ని కారులను ఊరి నడుమకు రప్పించునని కొందరు చెప్పుచున్నారు. కొన్నేండ్ల వినియోగము చూచినగాని తేలని వాదమిది.

నాలుగవది తీరము. ముత్యములకు స్మారకమైన నగరము సముద్రమునకు దూరమగుచుండుటను కాలిబాట చక్కదిద్దలేదు. మిగిలిన ఒడ్డునకు ఆవల సముద్రమును పూడ్చుటను ఆపు నిబంధన లేనిదే, ఆల్చిప్పల తిన్నెల గుర్తింపునకును, నగరపు గుర్తింపునకును నడుమ ఉన్న త్రాడు తెగిపోవును.

ఐదవది, అన్నిటికంటె కఠినమైనది: కాపురమనగా ఎవరి కాపురము? స్థానిక కుటుంబములే అన్నచో, వారికి సరిపడు ఇండ్లు, బడులు, దారులు సిద్ధమగువరకు ప్రస్తుత అద్దెదారులను ఖాళీ చేయించుట పేటను మరింత శూన్యము చేయుటయే. ఉన్నవారు ఉండవలయునన్నచో, గదికి ఇంతమంది అను పరిమితిని కచ్చితముగ అమలుపరచి, యజమాని చేత మరమ్మతు చేయించి, అద్దెను అదుపున ఉంచవలయును. దానికి ఓటు లేని జనము తరఫున పట్టుబట్టువారెవరు?

సమన్వయము

ఈ నాలుగు వాదములు పరస్పర విరుద్ధములు కావు; వాని క్రమమే తప్పుగ ఉన్నది. ముహర్రక్‌లో మొదట కట్టడము, పిదప సంస్కృతి, ఆపై వాణిజ్యము, చివర కాపురము అను వరుస నడచినది. ఆరంభమున అది అనివార్యమే. కూలుచున్న గోడకు కాపురము వచ్చువరకు ఆగు ఓర్పు లేదు. కాని ఇరువదియేండ్ల పిదప ఆ వరుసనే కొనసాగించుటకు కారణము కనబడదు. 17 భవనములు రక్షింపబడినవి. ఇక మరియొక మ్యూజియముకంటె, ఒక సామాన్య గృహమును నాలుగు కుటుంబములు నివసింపదగిన వాటాలుగ మార్చి, పాలివారికి అద్దె ముట్టునట్లు ఏర్పరచి, లెక్కలు బహిరంగపరచుట ఈ నగరమునకు ఎక్కువ మేలు చేయును. ఆ నాలుగు వాటాలలో రెండు స్థానిక దంపతులకు, రెండు సంసారముతో వచ్చిన విదేశీ ఉద్యోగులకు ఇచ్చినను నష్టము లేదు. పూర్వము ఈతగాడును, వర్తకుడును, పొరుగుదేశపు నావికుడును ఒకే సందున నివసించిన నగరమునకు అది క్రొత్త కాదు.

అట్టి ప్రయోగము పదియిండ్లలో ఫలించినచో కాపురవాదమునకు తొలిసారిగ ఊహకు బదులు లెక్క దొరకును. ఫలింపనిచో, కుటుంబములను రప్పింతుమను వాగ్దానమును విడిచి, ముహర్రక్‌ను పగటి నగరముగ ఒప్పుకొని దానికి తగిన పోషణవ్యయమును ప్రభుత్వము శాశ్వతముగ భరింపవలయును. రెండింటిలో ఏదియైనను నేటి సందిగ్ధమునకంటె మేలు.